సగటు నాడి

"ఆగిపోయిందమ్మా! ఇదిగో, మళ్ళీ ఆగింది... ఆఁ, ఇప్పుడు కొట్టుకుంది."

డాక్టర్ కృపావతి ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కలిపి పెట్టుకున్న పెరుగన్నం వైపు ఆశగా చూసింది. పొద్దుటినుంచి ఇది పందొమ్మిదో ఫోను. అందులో ఐదు ఈ గోపాలంగారివే.

"ఆగలేదండీ గోపాలంగారూ. మీ పినాకిని ఊపిరి బయటికి వదులుతోంది. వదిలేటప్పుడు కుక్క గుండె నెమ్మదిస్తుంది, పీల్చేటప్పుడు తొందరపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి అలాగే ఉంటుంది. నిన్న చెప్పాను, మొన్న చెప్పాను."

"చెప్పారమ్మా, కాదనట్లేదు. కానీ ఇది మూడు దెబ్బలు గబగబా కొట్టి, ఒక దెబ్బకి సరిపడా ఖాళీ ఇస్తోంది. మళ్ళీ మూడు, మళ్ళీ ఖాళీ. నా మణికట్టు మీద నాకు తెలుస్తోంది కదా!"

మణికట్టు మీద తెలిసేలా చేసింది ఆవిడే. ఇంక ఎవర్ని తిట్టుకుంటుంది?

దాని పేరు తోడునాడి. చూడ్డానికి దెబ్బ తగిలితే వేసుకునే పట్టీలా ఉంటుంది. కుక్క మెడపట్టీలో ఒక బిళ్ళ, యజమాని మణికట్టు మీద ఈ పట్టీ. అక్కడ కుక్క గుండె ఎలా కొట్టుకుంటే ఇక్కడ మనిషి చర్మం మీద అలాగే కొట్టుకుంటుంది. ఆఫీసులో ఉన్నా, రైల్లో ఉన్నా, కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్నా, ఇంట్లో పడుకున్న కుక్క నాడి మన చేతిలోనే ఉంటుంది.

కృపావతి దానికోసం తొమ్మిదేళ్ళు ఖర్చుపెట్టింది. కుక్క నొప్పిని దాచుకుంటుంది. తోక ఊపుతూనే చావుకి దగ్గరయ్యే జాతి అది. పశువుల డాక్టరుగా పనిచేసిన రోజుల్లో ఆమె బల్లమీదికి వచ్చిన కుక్కల్లో సగం ఆలస్యంగా వచ్చినవే. "నిన్నటిదాకా బానే ఉందండీ" అనే మాట విని విని ఆమెకి ఒళ్ళు మండిపోయేది. నిన్న బాగాలేదు, మీకు తెలియలేదంతే.

ఆ తెలియని సంగతి ఎక్కడ మొదలవుతుందో ఆమె పట్టుకుంది. కుక్కకి లోపల ఏదైనా పెద్ద ఆపద మొదలైతే, నాలుక రంగు మారేలోపు, చిగుళ్ళు పాలిపోయేలోపు, గుండె ఊపిరితో ఆడే ఆ ఎగుడుదిగుడు ఆట మానేస్తుంది. గోడ గడియారంలా సమంగా కొట్టుకోవడం మొదలెడుతుంది. మనిషికి సమంగా ఉంటే ధైర్యం, కుక్కకి సమంగా ఉంటే భయపడాలి. యజమాని చేతికి ఎగుడుదిగుడు నాడి ఒక వారం అలవాటైతే చాలు, అది సమమైన రోజున చెయ్యే ఉలిక్కిపడుతుంది. గంటలు మోగక్కర్లేదు, ఎర్ర దీపాలు వెలగక్కర్లేదు. చెయ్యి చాలా తెలివైనదని ఆమె నమ్మకం. చెయ్యి నిజంగానే తెలివైనది. దాని పైనున్న తలకాయతోనే వచ్చింది చిక్కంతా.

గుణదలలో కింద కుక్కల చికిత్స గదీ, పైన కంప్యూటర్లూ ఉన్న రెండంతస్తుల ప్రయోగశాల నుంచి, పరీక్షకోసమని బెజవాడలోనూ గుంటూరులోనూ పదకొండు వందలమందికి పట్టీలిచ్చారు. వాటితోపాటు కృపావతి ఎనిమిది పేజీల చిన్న పుస్తకం రాసిచ్చింది. కుక్క ఒంటి వేడి నూటొకటి నుంచి నూట రెండున్నర దాకా ఉంటుందనీ, అది జ్వరం కాదనీ మొదటి పేజీలో ఉంది. కుక్కకి చెమట పాదాల కింద తప్ప పట్టదనీ, నాలుక చాపి రొప్పుతూనే ఒళ్ళు చల్లబరుచుకుంటుందనీ రెండో పేజీ. 'కుక్క గుండె మనిషి గుండె కాదు' అని లావు అక్షరాలతో మూడో పేజీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పటమటలో ఒకావిడ తన పగ్ కుక్కకి నూటొకటి పాయింటు ఎనిమిది ఉందని నెత్తిన ఐసుముక్కలు పెట్టి, అది వణుకుతుంటే అప్పుడు ఫోన్ చేసింది. పుస్తకం ఏమైందమ్మా అంటే, నీళ్ళ గిన్నె కదలకుండా కింద పెట్టానంది.

గోపాలంగారి భయం వేరు. ఆయన రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు గార్డు. ఆఖరిసారి జెండా ఊపిన పినాకిని ఎక్స్‌ప్రెస్ పేరే తన ఆల్సేషన్ కుక్కకి పెట్టుకున్నాడు. నిరుడు ఆయన గుండే గతి తప్పింది. నాడి ఆగి ఆగి కొడుతోందని ఆస్పత్రిలో నానా భయాలూ పెట్టి, జీవితాంతం మింగమని మాత్రలిచ్చారు. ఇప్పుడు అదే ఆగడం తన చేతిమీద, తన కుక్క గుండెలోంచి వినిపిస్తుంటే ఆయనకి నిద్ర పడుతుందా? కృపావతికి అదీ అర్థమైంది. అర్థమైనంత మాత్రాన విసుగు తగ్గదు. తొమ్మిదేళ్ళ కష్టం ఏమైపోతోందో అని ఆమెకి పట్టరాని కోపంగా ఉంది.

"ఇంకోసారి చెప్తున్నా వినండి. దానికి ఏ జబ్బూ లేదు" అని ఫోన్ పెట్టేసింది. పెరుగన్నం పుల్లబడింది.

మూడోరోజు పొద్దున్నే గోపాలంగారు ఆటోలో దిగాడు. పినాకిని ఆయన ఒళ్ళో మెడ వాల్చేసి ఉంది. వెనకాలే ఆయన భార్య శేషారత్నం, చెప్పులు కూడా లేకుండా.

కృపావతి కుక్క పై పెదవి ఎత్తి చిగురుమీద వేలితో నొక్కి వదిలింది. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ ఎరుపు తిరగాలి. నాలుగైనా తిరగలేదు. గుండె నిమిషానికి ముప్ఫై ఎనిమిది.

"ఏం పెట్టారు దీనికి?"

"ఏం లేదమ్మా, అన్నమే..."

"గోపాలంగారూ!"

"నా మాత్ర. సగమేనమ్మా. నా గుండెకి పనిచేసింది కదా, దీనికీ అదే జబ్బు కదా అని..."

"నేను మొత్తుకుంటూనే ఉన్నానండీ" అంది శేషారత్నం. "మీ రోగం దానికెందుకు అంటగడతారు, డాక్టరమ్మ వద్దంటోంది కదా అని. ఈయన వింటేనా? బెల్లంలో పెట్టి మింగించారు."

సెలైన్లు, సూదిమందులు, ఆరు గంటలు. సాయంత్రానికి పినాకిని లేచి నిలబడి, తనని చంపబోయిన మనిషి చెయ్యే నాకింది. కృపావతి తల ప్రాణం తోకకొచ్చింది. గోపాలంగారిని కూర్చోబెట్టి అరగంట తిట్టింది. ఆయన చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. వెళ్ళేటప్పుడు నీరసానికని విటమిను చుక్కల సీసా ఒకటిచ్చి పంపింది.

మర్నాడు ప్రయోగశాల యజమాని చక్రధర్ మీటింగు పెట్టాడు.

"మేడం, ఇలాంటివి నెలలో నాలుగయ్యాయి. ఒకడు మాత్ర పెట్టాడు, ఒకడు కుక్క ఛాతీ మీద గుద్దాడు. గుండె ఆగిందనుకుని! జనానికి సమంగా కొట్టుకునే గుండె కావాలి. అదే ఇద్దాం."

"కుక్కకి లేనిది ఎలా ఇస్తారండీ?"

"ఫయాజ్, చెప్పు."

తోడునాడి లోపలి లెక్కలన్నీ రాసిన ఇంజినీరు ఫయాజ్. నెమ్మదస్తుడు, కృపావతి అంటే గౌరవం. అతను ఆవిడ మొహం చూడకుండా చెప్పాడు. "చెయ్యొచ్చు మేడం. దెబ్బ దెబ్బకీ పంపకుండా, గంటసేపటి సగటు తీసి పంపుదాం. సమంగా కొడుతుంది. పరుగెత్తినా, కలలో ఉలిక్కిపడినా ఎగరదు. ఇంకోటి, మెడపట్టీ వదులైనప్పుడల్లా నాడి ఆగిపోయి ఫోన్లొస్తున్నాయి కదా. అప్పుడు కూడా గంటపాటు ఆ పాత సగటునే నడిపిద్దాం. ఈలోపు ఎవరో ఒకరు పట్టీ బిగిస్తారు."

"మరి అసలు ఆపదొస్తే?"

"గంట సగటు నూట ఎనభై దాటితే మోత మోగుతుంది మేడం."

"నూట ఎనభై దాకా ఆగితే ఇంక మోగి ఎందుకు? ఆ ఎగుడుదిగుడే కదయ్యా మనం కనిపెట్టింది! అది తీసేస్తే ఇంకేం మిగిలింది?"

ఈలోపు ఆమె బల్లమీది ఫోను మోగింది. తీస్తే కృష్ణలంక నుంచి ఎవరో. "డాక్టరుగారూ, మా టామీ గుండె దెబ్బ తప్పుతోందండీ..." మూడో పేజీ చదివారా అని ఆమె అడిగింది. ఏ పుస్తకమండీ అన్నాడతను.

కృపావతి ఫోన్ పెట్టేసి, చక్రధర్ ముందున్న అనుమతి కాగితం లాక్కుంది. "చావండి" అంది. ఎవర్నందో ఆమెకే తెలియదు. సంతకం చేసేసింది.

ఆ తర్వాత అంత ప్రశాంతత ఆమె ఎన్నడూ ఎరగదు. సోమవారం ముప్ఫై ఫోన్లొచ్చాయి, మంగళవారం నాలుగు, బుధవారం ఒకటి. వేడివేడి అన్నంలో పప్పు కలుపుకుని ఆఖరి ముద్దదాకా తినగలిగింది. పట్టీ పెట్టుకున్న వాళ్ళంతా పొగుడుతున్నారు. చేతిలో జోలపాట పాడుతున్నట్టుందని ఎవరో రాశారట. చక్రధర్ ఆ ఉత్తరం అద్దాల చట్రంలో బిగించి గోడకి తగిలించాడు. కృపావతి దాని ముందునుంచి తలొంచుకుని వెళ్ళేది. రెండు వారాలు పోయాక తలొంచుకోవడం కూడా మానేసింది.

గోపాలంగారు మాత్రం ఒకసారి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ చుక్కలు అమృతం! వేసిన నాలుగో రోజుకే పినాకిని గుండె గాడిలో పడింది. ఒక్క దెబ్బ తప్పట్లేదు. నేను గడియారం పెట్టుకుని చూశాను. మీ మేలు మర్చిపోలేనమ్మా. సీసా అయిపోయింది, ఇంకోటి రాసివ్వరూ?"

అప్పుడు చెప్పాల్సింది. అది విటమినండీ, మందు కాదు, మీ చేతిలో కొట్టుకునేది మీ కుక్క గుండె కాదు, మేం వండిన లెక్క అని. చెబితే మళ్ళీ మొదలవుతుంది. రోజుకి ఐదు ఫోన్లు, మూడు దెబ్బలు, ఒక ఖాళీ, ఇంకో సగం మాత్ర.

"అలాగేనండీ, పంపిస్తాను" అంది.

మే నెలాఖరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బెజవాడలో మనుషులే పగిలేట్టున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోన్ మోగింది. గోపాలంగారి నంబరే, గొంతు శేషారత్నానిది.

"అమ్మా, నేను. ఆయనకి తెలీకుండా చేస్తున్నా. పినాకిని పొద్దుటినుంచీ ఒకచోట కుదురుగా నిలబడట్లేదమ్మా. వాంతికని నోరు తెరుస్తుంది, ఏమీ రాదు. పొట్ట గట్టిగా డోలు లాగుంది. ఈయనేమో ఎండకి అలా ఉంది, నాడి కాస్త తొందరగా ఉన్నా సమంగా, బంగారంలా ఉంది, ఊరికే డాక్టరమ్మని విసిగించకు అంటున్నారు."

కృపావతి లేచి నిలబడిపోయింది. "ఎప్పట్నుంచి?"

"ఎనిమిదిన్నరకి గిన్నెడన్నం తింది. తినగానే ఈయనతో మేడమీద బంతాట. తొమ్మిదిన్నర నుంచీ ఇంతే."

నాలుగు గంటలు. కడుపునిండా తిని గెంతితే, లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కకి పొట్ట గాలితో ఉబ్బి మెలిపడిపోతుంది. మొదటి గంటలో తెస్తే చాలావాటిని బతికించొచ్చు. తినగానే ఆడించవద్దని ఐదో పేజీలో ఉంది, దాని సంగతి ఇప్పుడెందుకు!

"ఇప్పుడే తీసుకురండి. ఆయన ఏమన్నా సరే, ఇప్పుడే!"

వాళ్ళొచ్చేలోపు ఆమె పైకి పరుగెత్తి ఫయాజ్ చేత పినాకిని అసలు నాడి తెర మీద పెట్టించింది. ప్రయోగశాల దాచుకునే పచ్చి లెక్క అది, యజమానికి చేరనిది. తొమ్మిది ఇరవై దాకా ముచ్చటైన ఎగుడుదిగుడు, మూడు దెబ్బలు, ఒక ఖాళీ. తొమ్మిది నలభైకి గీత సమమైపోయింది. ఆ తర్వాత గీత ఎక్కడా వంకర పోలేదు. నిమిషానికి నూట ముప్ఫై, నూట నలభై ఐదు, నూట అరవై ఎనిమిది. నూట ఎనభై దాటలేదు కాబట్టి మోత మోగలేదు.

"తొమ్మిది నలభైకే చెప్పింది మేడం" అన్నాడు ఫయాజ్ మెల్లగా.

"చెప్పింది. మనం నోరు మూశాం." ఆమె మెట్లవైపు నడుస్తూ వెనక్కి తిరిగింది. "అందరికీ అసలు నాడి తెరిచెయ్, ఇప్పుడే. చక్రధర్‌కి నేను చెప్పుకుంటా."

"సగటు తీసేస్తాను మేడం, అందరికీ చేరేసరికి మూడున్నరవుతుంది. కానీ మెడపట్టీ ఊడినచోట అప్పటికే ఎక్కిన గంట లెక్క మాత్రం నడిచి ఆగాల్సిందే."

పినాకిని తన కాళ్ళమీదే లోపలికి నడిచొచ్చింది. కృపావతిని చూసి తోక రెండుసార్లు ఊపింది. చిగుళ్ళు సున్నంలా ఉన్నాయి. సూదితో గాలి తీసింది, మత్తిచ్చింది, పొట్ట కోసింది. లోపల కడుపు పూర్తిగా మెలిపడి నల్లబడిపోయి ఉంది. మెలి తిప్పి సరిచేసింది కూడా. రెండూ యాభైకి గుండె ఆగింది. ఇరవై నిమిషాలు రెండు చేతులతో నొక్కింది. మూడూ పదికి చేతులు తీసేసి, మెడపట్టీ విప్పి పక్కనున్న పళ్ళెంలో పెట్టింది.

బయట బల్లమీద గోపాలంగారు కూర్చుని ఉన్నాడు. ఎడమ మణికట్టు మీద కుడిచేతి బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని, ప్రశాంతంగా ఉన్నాడు. అడుగుల చప్పుడుకి కళ్ళు తెరిచి నవ్వాడు.

"గండం గడిచింది కదమ్మా? మీరు లోపల ఏం చేశారో గానీ, ఇక్కడ ఒక్క దెబ్బ తప్పలేదు. కావాలంటే చూడండి" అని చెయ్యి చాపాడు.

శేషారత్నం ఆయన వైపు చూడలేదు, కృపావతి మొహం చూసింది. చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవారగా నేలమీద కూలబడింది.

"గోపాలంగారూ, పినాకిని పోయిందండీ."

"అదేంటమ్మా! కొట్టుకుంటుంటేనూ!"

కృపావతి ఆయన పక్కన కూర్చుని చెప్పింది. సగటు సంగతి, సంతకం సంగతి, మెడపట్టీ ఊడితే గంటపాటు నడిచే పాత లెక్క సంగతి. ఏదీ దాచలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే పొద్దున్న తొమ్మిదిన్నరకి, అసలుదే నా చేతిలో ఉండుంటే..."

"తెలిసేదండీ."

"నాకా? రోజుకైదుసార్లు ఫోన్ చేసి మిమ్మల్ని చంపుకుతిన్న నాకు?"

"అందరికంటే ముందు మీకే తెలిసేది. మూడు దెబ్బలూ ఒక ఖాళీ అని లెక్కపెట్టిన మనిషి ఈ పదకొండు వందలమందిలో మీరొక్కరే."

"మరి ఆ చుక్కలు?"

"ఉత్త విటమిన్లండీ. దానితో ఏం కాలేదు. మీరు ఫోన్ చేసిననాడే చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలేదు?"

అబద్ధాలు చాలా తట్టాయి ఆమెకి. కంపెనీ ఒప్పుకోదనీ, మీ ఆరోగ్యం దృష్ట్యా అనీ. ఏదీ నోటికి రాలేదు.

"విసుగొచ్చిందండీ. మీకు చెప్పి చెప్పి విసుగొచ్చింది."

గోపాలంగారు తలూపాడు. కోపం చేసుకుంటాడనుకుంది, చేసుకోలేదు. తన మణికట్టు వంక చూసుకున్నాడు.

"ఇదింకా ఎంతసేపు కొట్టుకుంటుంది?"

"నలభై నిమిషాలుంటుంది. ఇటివ్వండి, తీసి పడేస్తాను."

ఆయన పట్టీ అంచు గోటితో లేపి, నెమ్మదిగా ఊడదీశాడు. ఆమె అరచెయ్యి చాపింది. ఆయన అరచేతిలో పెట్టలేదు. ఆమె మణికట్టు తిప్పి, దానిమీద పట్టీని అతికించి, నాలుగు వైపులా అంచులు ఊడకుండా బొటనవేలితో ఒత్తాడు.

"పడెయ్యకండి డాక్టరుగారూ" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆయన ఆమెని అమ్మా అనకుండా మాట్లాడింది అదే మొదటిసారి. "అది ఆగేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి."

భార్యని చెయ్యిచ్చి లేపి, ఆమెతో కలిసి లోపలికి, కుక్క దగ్గరికి వెళ్ళాడు.

కృపావతి బల్లమీదే ఉండిపోయింది. లోపల శేషారత్నం ఏడుపు వినిపిస్తోంది. పైన గదిలో ఫోన్లు మోగడం మొదలైంది, ఒకదాని వెనక ఒకటి. ఆమె మణికట్టు మీద నాడి సమంగా, ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టుకుంటోంది. అది ఎంత హాయిగా ఉంటుందో ఆమెకి అంతవరకూ తెలియదు.